పోగేసినవాడి పేరు

“ఆయన పాట రాశాడా? లేదు. బాణీ కట్టాడా? లేదు. నలుగురి నోటా ఉన్నవి పోగేసి అచ్చేయించాడు. పోగేసినవాడికి ఇంత పేరెందుకే?”

ఒక ఆదివారం సాయంత్రం అట్లాంటాకి తిరిగొస్తూ కారులో, విలియం వాకర్ అనే పాతకాలపు అమెరికా పాటల పంతులు గురించి అక్క అడిగిన మాట ఇది. అక్కంటే తోబుట్టువు కాదు. ఇక్కడి తెలుగు పిల్లలకి పదిహేనేళ్ళుగా కర్ణాటక సంగీతం చెబుతున్న మనిషి. చనువుకొద్దీ అక్కా అంటాను, ఆవిడ నన్ను ఏమే అంటుంది. ఆ రోజు నేనే పట్టుబట్టి ఆవిణ్ణి పశ్చిమ జార్జియాలో ఒక పల్లె చర్చికి షేప్ నోట్ పాటలు, అంటే స్వరానికో ఆకారం పెట్టి రాసుకునే కీర్తనలు, వినడానికి తీసుకెళ్ళాను. వినడానికి అన్నానుగానీ అక్కడ వినేవాళ్ళంటూ విడిగా ఉండరు. బల్లలన్నీ చదరంగా, ఎదురెదురుగా వేసుకుంటారు. ఒక్కో వైపు ఒక్కో శ్రుతి గొంతులవాళ్ళు కూర్చుంటారు. పాట ఎత్తేవాళ్ళు వంతులవారీగా వచ్చి మధ్యలో నిలబడతారు. అందరూ చేయి పైకీ కిందికీ ఆడిస్తూ తాళం వేస్తారు. పాడేది ఒకరికొకరు, మధ్యలో నిలబడినవాళ్ళకి. గోడల వైపు ఎవరూ చూడరు.

ఒకావిడ లేచి “నలభై అయిదు, పైది” అంది. పేజీ నంబరు అది. అక్కడ పాటని పేజీతోనే పిలుస్తారు. ముందు మాటలు లేకుండా స్వరాలు పాడారు. మూడే అక్షరాలు: ఫా, సోల్, లా. నాలుగో పాదానికొచ్చేసరికి అక్క నా మోచెయ్యి పట్టుకుని “మోహన కదే ఇది!” అంది గుసగుసగా. మోహన రాగమే. స రి గ ప ద, అంతే. రెండోసారి మాటలతో మొదలయ్యాక గానీ అది ‘అమేజింగ్ గ్రేస్’ అన్న ఇంగ్లీషు కీర్తన అని ఆవిడకి తట్టలేదు. సినిమాల్లో, టీవీలో ఒంటి గొంతుతో సాగదీసి పాడగా విన్న పాటకీ, బల్లలు అదిరేలా ఊరంతా కలిసి పాడిన ఈ పాటకీ పోలిక అంత తక్కువ.

మధ్యాహ్నం చెట్ల కింద పొడుగాటి బల్లల మీద భోజనాలు. మేం తీసుకెళ్ళిన పులిహోర డబ్బా వాళ్ళ మొక్కజొన్న రొట్టెల పక్కనే ఖాళీ అయింది. అక్కడే ఒక పెద్దాయన విలియం వాకర్ కథ చెప్పాడు. ఆ పాటకి ఈ బాణీ జతచేసి 1835లో అచ్చేసినవాడు ఆయనే అని. తిరుగుదారిలో నేను వాకర్‌ని పొగుడుతూ ఉంటే అక్క ఆ ప్రశ్న వేసింది. నాకు వెంటనే సమాధానం రాలేదు. అప్పట్నుంచీ వాకర్ గురించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. ఇది అక్కకి నా సమాధానం.

ఒకే కొలత, వందల వరసలు

ముందు ఆ పాట సంగతే చూద్దాం. మాటలు జాన్ న్యూటన్‌వి. ఇంగ్లండులో ఓల్నీ అనే ఊళ్ళో పాదిరీగా ఉండగా 1773 కొత్త సంవత్సరం రోజు ప్రసంగం కోసం రాసుకున్నాడు. 1779లో ఆ ఊరి పేరుతో వచ్చిన కీర్తనల పుస్తకంలో అచ్చయింది. అందులో బాణీల్లేవు, మాటలే. బాణీ వేరే దారిన వచ్చింది. 1829లో సిన్సినాటీలో అచ్చయిన ‘కొలంబియన్ హార్మనీ’లో అదే రాగం రెండు రూపాల్లో, రెండు పేర్లతో ఉంది: ఒకటి గాలహర్, ఇంకొకటి సెయింట్ మేరీ. 1831 ‘వర్జీనియా హార్మనీ’లో హార్మనీ గ్రోవ్ అన్న మూడో పేరుతో, వేరే మాటలకి. న్యూటన్ మాటలు మాత్రం యాభై ఏళ్ళకి పైగా ఎవరికి తోచిన వరసలో వాళ్ళు పాడుకుంటూనే ఉన్నారు. 1835లో దక్షిణ కెరొలైనాలోని స్పార్టన్‌బర్గ్ నుంచి ఇరవై ఆరేళ్ళ వాకర్ ‘సదరన్ హార్మనీ’ తెచ్చాడు. ఆ పుస్తకంలో ఎనిమిదో పేజీలో ఈ మాటలూ ఈ బాణీ ‘న్యూ బ్రిటన్’ అన్న పేరుతో కలిసి ఉన్నాయి.

ఇక్కడ కొలత సంగతి చెప్పాలి. న్యూటన్ పాట ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు అక్షరాల పాదాలతో నడుస్తుంది. ఇంగ్లీషు కీర్తనల్లో లెక్కలేనన్ని ఇదే కొలతలో ఉంటాయి. అందుకే వాళ్ళు పాటకో బాణీ అని అనుకోలేదు. మాటలు ఒక మూట, బాణీలు ఒక మూట. దేనికి ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. మనకిది కొత్త కాదు. ఆటవెలది ఏ వరసలో చదివినా ఆటవెలదే. మంగళహారతుల పుస్తకాల్లో పాట పైన ‘ఫలానా పాట వరస’ అని రాసుకునేది కూడా ఇందుకే.

దాన్నిబట్టే అక్క అంటుంది, అన్నీ అన్నిటికీ నప్పేటప్పుడు తగిలించడంలో గొప్పేముంది అని. నాకు దీనికి సరిగ్గా ఎదురుగా తోస్తుంది. అన్నీ నప్పేచోటే ఎంపికకి విలువ. వందల వరసలు చేతిలో ఉండి, వాటిలో మొదటి అడుగులోనే కింది పంచమం నుంచి షడ్జానికి లేచే వరసని, దిగజారి దొరికినవాడి కథ చెప్పే మాటల పక్కన పెట్టడం చెవి ఉన్నవాడు చేసే పని. బాణీ ఎవరిదైనా కానీ, ఆ రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టాయనిపించేలా పక్కపక్కన పెట్టిన చెయ్యి ఒకటి ఉంది.

నాకో అనుమానం మాత్రం పోదు. ఆ రెంటినీ వాకరే కలిపాడా, లేక అప్పటికే ఏ కొండ పల్లెలోనో కలిపి పాడుతుంటే విని రాసుకున్నాడా? రెండోదే నిజమైనా నా మాట మారదు. విన్నవాళ్ళు ఆ పల్లెలో వందమంది ఉండి ఉంటారు. ఇది పోకూడదు అనుకుని కాగితం మీద పెట్టినవాడు ఒక్కడు.

సింగింగ్ బిల్లీ

వాకర్ 1809 మే 6న దక్షిణ కెరొలైనాలో యూనియన్ కౌంటీలో పుట్టాడు. పద్దెనిమిదో ఏట కుటుంబం స్పార్టన్‌బర్గ్ దగ్గరికి మారింది. ఆ చుట్టుపక్కల విలియం వాకర్లు చాలామంది, అందుకని ఈయనకి ‘సింగింగ్ బిల్లీ’ అని పేరు. చిన్న పాటల బడులు నడుపుతూ బతికాడు. ఏ చర్చిలోనో బడి గదిలోనో కొద్దివారాలు పాఠాలు, చుట్టుపక్కల పిల్లలూ పెద్దలూ కలిసి రావడం, చివరి రోజు ఊరందరి ముందూ పాడి చూపించడం, అక్కణ్ణుంచి ఇంకో ఊరు. ఇలాంటి పంతులికి సొంత పుస్తకం ఉండటమే జీవనాధారం. అందుకే ‘సదరన్ హార్మనీ’ ముందు పేజీలన్నీ స్వర పాఠాలే. పాటలు ఆ తర్వాత. పుస్తకం అచ్చయింది మాత్రం ఉత్తరాన, కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో.

ఆ స్వరాల సంగతి అక్కకి చెప్పినప్పుడు చాలాసేపు ఆసక్తిగా అడిగింది. 1801లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ‘ఈజీ ఇన్‌స్ట్రక్టర్’ అన్న పాఠపుస్తకంతో మొదలైన పద్ధతి అది. స్వరం తల ఆకారాన్నిబట్టి దాని పేరు. ఫా అయితే త్రికోణం, సోల్ గుండ్రం, లా చదరం, మి అయితే పేకముక్కల్లో డైమను గుర్తు. మన లెక్కలో చెప్పాలంటే స, మ రెండూ ఫా. రి, ప రెండూ సోల్. గ, ద రెండూ లా. ని ఒక్కటే మి. గీతల మీద ఏ స్వరం ఎక్కడుందో లెక్కపెట్టక్కర్లేదు, ఆకారం చూస్తే చాలు. పొలం నుంచి సాయంత్రం నేరుగా వచ్చి కూర్చున్న రైతు కూడా కొద్ది వారాల్లో నాలుగు గొంతుల పాటలో తన పాలు తాను చదువుకోగలిగేవాడు. నగరాల్లో చదువుకున్నవాళ్ళు ఈ ఆకారాల్ని మోటుగా చూశారు. అదే కాలంలో బోస్టన్‌లో లోవెల్ మేసన్ యూరప్ పద్ధతి సంగీతాన్ని బడుల్లోకి తెచ్చాడు. అమెరికా ఉత్తరాన చర్చిల్లో ఇప్పటికీ వినపడేది ఎక్కువగా మేసన్ దారే.

వాకర్ ఒకచోట ఆగిపోయిన మనిషి కాదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఏడు స్వరాలకి ఏడు ఆకారాలు పెట్టి ‘క్రిస్టియన్ హార్మనీ’ తెచ్చాడు. ఎందుకు మార్చావంటే, ఏడుగురు పిల్లలున్న తల్లిదండ్రులు నాలుగే పేర్లు పెడతారా అని అడిగాడట. అక్కకి ఇది చెబితే “ఈయనెవరో మన మనిషిలాగే ఉన్నాడే” అంది. వాకర్ మీద ఆవిడ చెప్పిన మొదటి మంచి మాట అదే.

‘సదరన్ హార్మనీ’ ఆరు లక్షల కాపీలు అమ్ముడయిందని వాకరే రాసుకున్నాడు. సొంత లెక్క కాబట్టి కాస్త తగ్గించి చూసినా, కిరాణా కొట్లలో ఉప్పూ బెల్లంతోపాటు అమ్మిన పుస్తకం అది. ఆ పేరు మీద ఆయనకెంత మమకారమంటే సంతకం పక్కన డిగ్రీలాగా ఏ.ఎస్.హెచ్. అని పెట్టుకునేవాడు. ‘ఆథర్ ఆఫ్ సదరన్ హార్మనీ’ అని. ఆథర్ అన్నాడు, కంపైలర్ అనలేదు. 1875లో పోయాక స్పార్టన్‌బర్గ్‌లో సమాధి రాయి మీద కూడా పేరు పక్కన ఆ మూడక్షరాలే చెక్కారు. అక్క అభ్యంతరం అంతా ఈ ఒక్క మాట మీదే.

‘నా పేరు పెట్టుకున్నాను’

అక్కకి చెప్పదగ్గ సమాధానం కోసం ముందుమాట చదివితే నాకు ఇంకా పెద్ద చిక్కు వచ్చిపడింది. కొన్ని బాణీలు పూర్తిగా తానే కట్టానని అక్కడ వాకర్ చెప్పుకున్నాడు. దాంతోపాటు ఇంకోటి కూడా చెప్పాడు. ఏ అచ్చు పుస్తకంలోనూ, ఏ రాతప్రతిలోనూ దొరకని మంచి వరసలు చాలా ఉన్నాయట. వాటికి మిగతా గొంతుల భాగాలు తాను కూర్చి, కర్తగా తన పేరు పెట్టాడట.

మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. అచ్చులో లేకపోతే సొంతదారు లేనట్టేనా? ఆ వరస ఎవరో ఒకరు పాడితేనే కదా విన్నావు. రెండోసారి చదివినప్పుడు వేరేలా అనిపించింది. దొంగతనం చేసేవాడు ముందుమాటలో ఆ సంగతి రాసుకోడు. గొంతుల భాగాలు కూర్చడం చిన్న పని కాదు. ఒంటి వరసని మూడు గొంతులు పాడుకునే పాటగా మార్చేది అదే. ఆయన పేరు పెట్టింది ఆ పనికి. ఏం చేశాడో దాచకుండా చెప్పి మరీ పెట్టాడు. పోగేసిన చోట తన పేరు పెట్టనిచోట్లు కూడా ఉన్నాయి. ‘న్యూ బ్రిటన్’ మీద బాణీకర్తగా ఆయన పేరు లేదు. మాటలు ఏ బాప్టిస్టు కీర్తనల పుస్తకం ఏ పేజీలోవో మాత్రం రాశాడు. లోకమంతా ఆయన్ని తలుచుకునే పాట దగ్గర ఆయన తన పేరు వేసుకోలేదు.

ఇది చెప్పినప్పుడు అక్క దీక్షితుల్ని అడ్డుపెట్టింది. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలకి సంస్కృతం మాటలు రాసి నొట్టుస్వర సాహిత్యం చేశాడు. ‘గాడ్ సేవ్ ది కింగ్’ బాణీలో ‘సంతతం పాహి మాం’ అందరికీ తెలుసు. “అదీ జతచెయ్యడమే. కానీ మాటలు ఆయనవి. మీ వాకర్‌కి మాటా ఆయనది కాదు, బాణీ ఆయనది కాదు” అంది. ఆవిడ చెప్పింది నిజం. నేను ఒప్పుకున్నాను. (దీక్షితులు పోయిన సంవత్సరం, ‘సదరన్ హార్మనీ’ వచ్చిన సంవత్సరం ఒకటే, 1835.)

కానీ ఆ ఇంటి నుంచే నేను ఇంకొకరి పేరు తెచ్చాను. సుబ్బరామ దీక్షితులు. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. అందులో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229, గమకాల గుర్తులతో సహా. ఆ కృతులేవీ సుబ్బరామ దీక్షితులు కట్టినవి కావు. అయినా ఇవాళ అక్క తన పిల్లలకి దీక్షితుల కృతి చెప్పేటప్పుడు ‘పుస్తకంలో ఎలా ఉంది’ అని తెరిచి చూసేది ఆ పుస్తకమే. దాన్ని ఎవరైనా ‘పోగేశాడంతే’ అంటే ఆవిడ ఊరుకుంటుందా? ఈ ప్రశ్నకి అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, “ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పాడు. ఆ వాగ్గేయకారుల చరిత్రలు కూడా రాశాడు. తేడా అదే” అంది.

అప్పుడు నాకు అర్థమైంది, అక్కకి పోగెయ్యడం మీద కోపం లేదు. ఎవరి నోటినుంచి పోగేశాడో చెప్పకపోవడం మీద ఉంది. నిజానికి నాదీ అదే బాధ. అది వాకర్ దగ్గర మొదలైంది కూడా కాదు.

మా అమ్మమ్మకి ఒక నోటుబుక్కు ఉండేది. రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం, అట్టకి పాత చీర ముక్క కుట్టింది. లోపల మంగళహారతులు, పెళ్ళిపాటలు, తలంటు పాటలు, కొన్ని పొలం పాటలు. నల్లసిరా, నీలంసిరా, చివర్లో బాల్ పెన్ను. పుట కొనలకి కొబ్బరినూనె వేలిముద్రలు. ప్రతి పాట కిందా ఒక మూల చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది: ‘తణుకు పిన్ని చెప్పగా’. ‘పెద్ద చెల్లెలి పెళ్ళిలో వియ్యపురాలు పాడగా విన్నది’. ‘సగమే వచ్చు, రెండో చరణం అడగాలి’. అమ్మమ్మ పోయాక బంధువుల్లో ఒకరు ఆ పాటలన్నీ శ్రద్ధగా టైపు చేసి పీడీఎఫ్ చేసి కుటుంబం అందరికీ పంపారు. మంచిపనే. కానీ ఆ మూల వాక్యాలు ఒక్కటీ లేవు. అట్టమీద ‘సేకరణ’ అని అమ్మమ్మ పేరు, కింద ‘కూర్పు’ అని టైపు చేసినవారి పేరు. అడిగితే, అవి పాటలో భాగం కాదు కదా అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర కోపం మిగిలే ఉంది. అమ్మమ్మ ఒక్క పాటా కట్టలేదు. ఆవిడ చేసిందంతా ఆ మూల వాక్యాల్లోనే ఉంది.

తోడల్లుళ్ళు

చెట్టు కింద పెద్దాయన చెప్పిన కథ కూడా పేరు గురించే. స్పార్టన్‌బర్గ్ దగ్గర గోలైట్లీ కుటుంబంలో అక్కచెల్లెళ్ళ పేర్లు ఎమీ, థర్జా. ఎమీని వాకర్ చేసుకున్నాడు. థర్జాని బెంజమిన్ ఫ్రాంక్లిన్ వైట్. వాకర్ కంటే తొమ్మిదేళ్ళు పెద్ద, ఆయనా పాటల పంతులే. ఇంగ్లీషులో దీనికి బ్రదర్ ఇన్ లా అనే ఒక్క మాటే. మనకైతే తోడల్లుళ్ళు అనగానే సగం కథ తెలిసిపోతుంది. ఇద్దరూ కలిసి ‘సదరన్ హార్మనీ’ తయారుచేశారనీ, అచ్చు కోసం వాకర్ ఒక్కడే ఉత్తరానికి వెళ్ళి తన పేరొక్కటే వేయించుకున్నాడనీ, తిరిగొచ్చాక ఇద్దరికీ జీవితాంతం మాటల్లేవనీ కథ. వైట్ జార్జియాకి మకాం మార్చి 1844లో ఇ.జె. కింగ్‌తో కలిసి ‘సేక్రెడ్ హార్ప్’ తెచ్చాడు. మేం ఆ చర్చిలో తెరిచింది ఆ పుస్తకం తాలూకు కూర్పే.

నేను ఈ కథని నమ్మను. కథ అచ్చులోకి వచ్చింది 1904లో, పుస్తకం వచ్చిన దాదాపు డెబ్భై ఏళ్ళకి. అప్పటికి తోడల్లుళ్ళిద్దరూ పోయి దాదాపు పాతికేళ్ళు. పైగా వైట్ తన పుస్తకంలో వాకర్ పాటలు వాడుకున్నాడు, వాకర్ పేరుతోనే. తన సొత్తు దోచుకున్నాడని జీవితాంతం మాట మానేసినవాడు ఆ పని చేస్తాడా? చెయ్యడని గట్టిగా అనలేను. మనుషులు చిత్రమైనవాళ్ళు. కానీ నాకు ఆ పేజీలే సాక్ష్యంగా ఎక్కువ బరువనిపిస్తాయి.

నాకు ఆ కథ కంటే ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. వాకర్ తన పుస్తకాన్ని తనదిగానే ఉంచుకున్నాడు. 1840, 1847, 1854, ఒక్కో కూర్పూ ఆయన చేతి మీదే పెరిగింది. వైట్ మాత్రం ‘సేక్రెడ్ హార్ప్’ని పాడేవాళ్ళ సభల చేతిలో పెట్టాడు. సంఘం కూర్చుని ఏది ఉంచాలో ఏది తియ్యాలో తేల్చేది. ఇవాళ వైట్ పుస్తకం అమెరికా దాటి ఐరోపాలో కూడా పాడుతున్నారు. వాకర్ పుస్తకాన్ని 1884 నుంచీ పాడుతూ వచ్చింది మాత్రం కెంటకీలో బెంటన్ అనే చిన్న ఊరు, ఏడాదికొకసారి, మే నెల నాలుగో ఆదివారం. పేరు గట్టిగా పట్టుకున్నవాడి పుస్తకం ఒక ఊళ్ళో ఒదిగింది, వదిలినవాడిది ఊళ్ళు పట్టుకు తిరిగింది. ఇదే కారణమని నేననను, కానీ ఇది గుర్తొచ్చినప్పుడల్లా వాకర్ పక్షాన వాదించేటప్పుడు నా గొంతు కాస్త తగ్గుతుంది.

పూర్తిగా పేరు దాచుకున్నవాడు కూడా ఉన్నాడు. ముందు చెప్పిన లోవెల్ మేసన్, జార్జియాలోనే సవానాలో బ్యాంకు ఉద్యోగంలో ఉన్నప్పుడు, 1822లో బోస్టన్‌లో తన మొదటి సంకలనం అచ్చయితే పేరు వెయ్యొద్దన్నాడు. పాటలవాడిగా తెలియడం అప్పుడాయనకి ఇష్టం లేదు. పల్లెల్లో పెరిగిన వాకర్‌కి పాటలవాడు అనిపించుకోవడమే గౌరవం. ఏ.ఎస్.హెచ్. మీద అక్క కోపం చల్లారకపోయినా నాకు ఆ మూడక్షరాలు ఇక్కడే దగ్గరయ్యాయి.

అచ్చులో లేనివాళ్ళు

ఇంకో మాట రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. వాకర్‌ని మెచ్చుకునేవాళ్ళు ఎక్కువగా దాటేసే మాట.

1834 డిసెంబరులో దక్షిణ కెరొలైనా శాసనసభ ఒక చట్టం చేసింది. బానిసలకి చదవడం రాయడం నేర్పడం నేరం. నేర్పితే తెల్లవాళ్ళకైనా జరిమానా, జైలు. ఏడాది తిరక్కుండానే అదే రాష్ట్రం నుంచి, పాటని చూసి చదవడం నేర్పే వాకర్ పుస్తకం వచ్చింది. ఆ త్రికోణాలూ చదరాలూ స్వరాలు చదవడం రానివాళ్ళ కోసమే పుట్టాయి. ఆ నేలమీద అక్షరం రానివాళ్ళలో, రానివ్వనివాళ్ళలో, ఎక్కువమంది ఆ పుస్తకం తెరవడానికి వీల్లేనివాళ్ళు. అందులోని అతి పెద్ద పాట రాసిన న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకి కెప్టెన్.

అడవి అంచుల్లో డేరాలు వేసి రోజుల తరబడి జరిపే ప్రార్థన సభల్లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే ఆవరణలో, విడివిడి చోట్ల నుంచి పాడేవారు. ఒకరి పాట ఒకరికి వినపడేది. ‘అచ్చులోనూ రాతప్రతిలోనూ దొరకని మంచి వరసలు’ అని వాకర్ రాసినప్పుడు, వాటిలో కొన్నయినా చదువు నిషేధించిన నోళ్ళవి కావని అనుకోవడం నాకు కష్టం. ఫలానా పాట వాళ్ళదని చూపించలేను. చూపించలేకపోవడమే ఇక్కడ నష్టం. మూలన ఒక వాక్యం రాసి ఉంటే చూపించగలిగేవాళ్ళం. నల్లజాతి గాయకులు ఈ పద్ధతిలో తమదైన పుస్తకం తెచ్చుకోవడానికి 1934 దాకా పట్టింది. అలబామాలో ఓజార్క్ అనే ఊళ్ళో జడ్జ్ జాక్సన్ తెచ్చిన ‘కలర్డ్ సేక్రెడ్ హార్ప్’ అది. జడ్జ్ అన్నది ఆయన పేరే, హోదా కాదు.

వాకర్ కూడా ఈ మూల వాక్యాల విలువ తెలియనివాడు కాదు, అది నా బాధని పెంచుతుంది. ఒక పాట కింద, 1831 శరత్తులో ఫ్రెంచ్ బ్రాడ్ నది పొడవునా కొండలు దాటుతూ కట్టానని రాసుకున్నాడు. ఇంకో వరస తనకి ఐదేళ్ళప్పుడు అమ్మ నేర్పిందని రాశాడు. అమ్మ దగ్గర విన్నదని రాయగలిగిన మనిషి, మిగతావాళ్ళ దగ్గర విన్నదీ రాయగలిగేవాడే. వయసు మీదపడ్డాక కొంత దిద్దుకున్నాడు కూడా. ‘వండ్రస్ లవ్’ అనే పాట 1840 కూర్పులో క్రిస్టఫర్ అన్న ఒంటి ఇంటిపేరుతో వచ్చింది. పాతికేళ్ళ తర్వాత ‘క్రిస్టియన్ హార్మనీ’లో దాన్నే మళ్ళీ వేసినప్పుడు, స్పార్టన్‌బర్గ్‌కి చెందిన జేమ్స్ క్రిస్టఫర్ కూర్చినదనీ, బాణీ మాత్రం దక్షిణాదిలో పాతదనీ వివరంగా రాశాడు. నేను ఆ వాక్యాన్ని అమ్మమ్మ వాక్యాల పక్కన పెట్టుకుంటాను.

కాబట్టి అక్కా, పోగేసినవాడికి పేరు ఉండాలి. పాటంత పెద్దగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. పాడినవాళ్ళ పేర్లు కూడా ఉండాలి, తెలిసినంతవరకూ, ఎంత చిన్న అక్షరాల్లోనైనా. వాకర్ మొదటిది పూర్తిగా చేశాడు, రెండోది అక్కడక్కడా. మొదటిది చేసినందుకే ఇవాళ మనం పశ్చిమ జార్జియా పల్లెలో మోహన విన్నాం. రెండోది పూర్తిగా చెయ్యనందుకు ఆయన మీద నాకున్న కోపం, ఆయన మీదున్న ప్రేమతోపాటే ఉంది. రెండూ ఒకదాన్నొకటి తగ్గించవు.

నెల రోజులుగా అమ్మమ్మ నోటుబుక్కు ఫొటోలు దగ్గర పెట్టుకుని మళ్ళీ టైపు చేస్తున్నాను, ఈసారి మూల వాక్యాలతో సహా. నిన్న నూట పన్నెండో పుటకి వచ్చాను. వరి నాట్ల పాట, నాలుగే చరణాలు, కింద ‘ఊడ్పుల్లో విన్నది’ అని మాత్రం ఉంది. ఎవరి దగ్గరో లేదు. తణుకు పిన్నిని రాసిన అమ్మమ్మ ఇక్కడ పేరు రాయలేదు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఆ పాట వినిపించాను. అమ్మకి పాట తెలుసు. గట్టు మీద నిలబడి వింటుంటే ముందు వరసలో ఒకావిడ ఎత్తేదట, మిగతావాళ్ళు అందుకునేవారట. ఎర్రచీర, ఎడమచేతికి వెండి కడియం. పేరు గుర్తురాలేదు.

“ఆవిడ మనవడు ఇప్పుడూ ఊళ్ళోనే ఉన్నాడే, ఆటో నడుపుతాడు. అడిగి చెబుతానులే. ఆ పుట అలా ఉంచు” అంది అమ్మ.

ఉంచాను.